ప్రాచీన ఈజిప్టు ఆలయాల్లో రాజారాధన: విగ్రహమూ, శాసనమూ, ధాన్యపు లెక్కా

ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియాలో, నైలు నది ఒడ్డున అబూ సింబెల్ కొండను తొలిచి, క్రీ.పూ. 13వ శతాబ్దంలో రెండవ రామెసెస్ చేయించిన పెద్ద ఆలయపు గర్భగృహంలో నాలుగు విగ్రహాలు వరుసగా కూర్చుని ఉంటాయి. మెంఫిస్ నగర దేవుడు ప్తా, థీబ్స్ దేవుడు అమున్-రె, హీలియోపొలిస్ సూర్యదేవుడు రె-హొరాఖ్తి, వారి సరసన రామెసెస్. అదే ఆలయపు గోడల మీద ఆ రాజే ధూపం వేస్తూ, నైవేద్యాలు అర్పిస్తూ తన రూపానికే తాను మొక్కుతుంటాడు. ఈ చెక్కడాలను దగ్గరగా పరిశీలించినవారు మరో విషయం కూడా గమనించారు. కొన్ని దృశ్యాలలో మొదట ఇద్దరు దేవతలే ఉన్నారు. తరువాత ఒక దశలో వారి మధ్య చోటు చేసి, దైవత్వం పొందిన రాజును అక్కడ ఇరికించి చెక్కారు. పాత గీత పూర్తిగా చెరిగిపోలేదు కాబట్టి ఉలి ఎక్కడ రెండోసారి పడిందో ఇప్పటికీ తెలుస్తుంది. ఆలయం పని మొదలైన నాటికీ ముగిసిన నాటికీ మధ్య, అందులో రాజుకున్న స్థానమే మారిందన్నమాట.

ఈజిప్టు ప్రజలు తమ రాజును నిజంగా దేవుడని నమ్మారా అన్నది ఈ విషయంలో అందరూ అడిగే ప్రశ్న. ఆ ప్రశ్నకు స్మారకాలు సూటిగా జవాబివ్వవు. ఇస్తాయనుకుని చదివితే పొరబడతాం. మూడవ రామెసెస్‌నే తీసుకుంటే, థీబ్స్ దగ్గర ఆయన కట్టించిన మెదినెత్ హాబు ఆలయపు గోడల మీద ఆయన దేవతల మధ్య దేవతగా నిలిచి ఉంటాడు. అదే రాజు మీద అంతఃపురంలో జరిగిన కుట్రనూ, నిందితుల విచారణనూ ట్యూరిన్‌లో ఉన్న పపైరస్ పత్రం నమోదు చేసింది. ఆయన గొంతు లోతుగా తెగి ఉందని 2012లో ప్రచురితమైన సీటీ స్కాన్ పరిశీలన చూపింది. దైవత్వమూ హత్యా ఒకే మనిషి జీవితంలో ఇమిడిపోయిన సమాజాన్ని నమ్మకం ఉందా లేదా అన్న ఒక్క కొలతతో అంచనా వేయలేం. రాయి జవాబివ్వగల ప్రశ్నలు వేరు: పూజ అందుకున్నది రాజు ఏ రూపం, ఆ రూపాన్ని ఆలయంలో ఏ చోట నిలిపారు, దానికి నైవేద్యం ఎవరి సొమ్ముతో వచ్చింది, ఎంతకాలం వచ్చింది. రాజారాధనకు సంబంధించిన కట్టడాలనూ విగ్రహాలనూ అధ్యయనం చేయడమంటే ప్రధానంగా ఈ ప్రశ్నలను విడివిడిగా వేసి, వాటి జవాబులను మళ్ళీ ఒకచోట చేర్చి చూడటమే.

మొదటి ప్రశ్నకు దారి చూపేది ‘కా’ అనే భావన. ప్రతి మనిషికీ ఉండే ప్రాణశక్తిని ఈజిప్షియన్లు కా అన్నారు. రాజు విషయంలో అది వ్యక్తికి పరిమితం కాదు. ఒక రాజు నుంచి మరొక రాజుకు సంక్రమించే రాచరికపు దివ్యాంశగా దాన్ని భావించారు. ప్రాచీన థీబ్స్‌లోని లక్సర్ ఆలయంలో మూడవ అమెన్‌హోటెప్ చెక్కించిన జన్మవృత్తాంత దృశ్యాలలో ఖ్నుమ్ దేవుడు కుమ్మరి సారె మీద ఇద్దరు శిశువులను మలుస్తుంటాడు. ఒకరు రాజు, మరొకరు ఆయన కా. ఏటా జరిగే ఓపెట్ ఉత్సవంలో అమున్ దేవుణ్ణి అదే నగరంలోని కర్నాక్ ఆలయం నుంచి పడవ ఆకారపు పల్లకిలో లక్సర్‌కు తెచ్చేవారు. మూడవ థుట్మోస్ కాలంలో 11 రోజులు జరిగిన ఈ ఉత్సవం మూడవ రామెసెస్ పాలన చివరికి 27 రోజులకు పెరిగింది. లక్సర్ ఆలయం అసలు రాజు కా ఆరాధన కోసమే రూపొందిందని, ఏటా ఈ ఉత్సవంలో పాలిస్తున్న రాజు తన కాతో మళ్ళీ ఏకమై ఆ దివ్యాంశను కొత్తగా పొందేవాడని 1985లో ఈజిప్టు చరిత్ర పరిశోధకుడు లానీ బెల్ వాదించాడు. ఆలయం మొత్తాన్ని ఒకే ఉద్దేశానికి ముడిపెట్టడం పట్ల అభ్యంతరాలు వచ్చాయి గానీ, మర్త్యుడైన రాజునూ అమరమైన రాచరికాన్నీ వేరు చేసి చూడాలన్న ఆయన మూలసూత్రం ఈ రంగంలో చాలామంది పనికి ఆధారమైంది. తన విగ్రహానికి తాను మొక్కే రాజు దృశ్యంలో వింత ఆ తేడాతో చాలా వరకు తొలగిపోతుంది.

ఆ దృశ్యాలను చెక్కినవారు కూడా ఈ తేడాను జాగ్రత్తగా పాటించారు. ఇప్పటి సూడాన్‌లో ఉన్న సోలెబ్ ఆలయంలో మూడవ అమెన్‌హోటెప్ ‘నెబ్‌మాత్‌రె, నూబియా ప్రభువు’ అనే దేవుణ్ణి పూజిస్తాడు. నెబ్‌మాత్‌రె ఆయన పట్టాభిషేక నామమే. మొక్కుతున్న రాజు మామూలు కిరీటంతోనూ, మొక్కు అందుకుంటున్న రూపం చెవి చుట్టూ వంపు తిరిగిన పొట్టేలు కొమ్ముతోనూ, తలమీద చంద్రబింబంతోనూ ఉంటాయి. కొమ్ము అమున్ దేవుడి గుర్తు. ఒక గోడ మీద రాజు రూపానికి ఆ కొమ్ము ఉందా లేదా, చేతిలో దండం ఉందా నైవేద్యం ఉందా, పక్కన ఉన్న శాసనంలో ‘ఇస్తున్నాను’ అన్నది ఎవరి మాట అన్నవి చూడకుండా ‘ఇక్కడ రాజును దేవుడిగా చూపారు’ అని రాసేయడం తొందరపాటు అవుతుంది. 1989 జనవరిలో లక్సర్ ఆలయంలో అదే రాజు నిర్మించిన ప్రాంగణం నేల కింద విగ్రహాల గుంత ఒకటి బయటపడింది. అందులో దొరికిన ఎర్రని క్వార్ట్‌జైట్ శిల్పంలో అమెన్‌హోటెప్ ఒక లాగుడు బండి మీద నిలబడి ఉన్నాడు. మనుషులు బండి మీద నిలబడి ఊరేగరు, విగ్రహాలను మాత్రమే అలా లాగుతారు. అంటే శిల్పి చెక్కింది రాజు బొమ్మను కాదు, రాజు విగ్రహపు బొమ్మను. పూజ ఎవరికి జరిగిందో ఇంత స్పష్టంగా చెప్పే సాక్ష్యం మరొకటి అరుదు.

విగ్రహాలకు సొంత పేర్లు ఉండటం దీనికి కొనసాగింపే. నైలు డెల్టాలో రెండవ రామెసెస్ కట్టిన పి-రామెసెస్ నగరంలో భారీ రాజవిగ్రహాలు ఒక్కొక్కటీ ఒక్కో పేరుతో ఆరాధన అందుకున్నాయి. ‘ఉసెర్‌మాత్‌రె-సెతెపెన్‌రె, రెండు దేశాలలో మోంతు’ వాటిలో ఒకటి, మోంతు యుద్ధదేవత. ఆ విగ్రహాల ఎదుట చేతులెత్తి మొక్కుతున్న సైనికులనూ, చిన్నపాటి ఉద్యోగులనూ చూపే శిలాఫలకాలు చాలా దొరికాయి. హోర్బైత్ ఫలకాలుగా పేరుపడిన వీటిలో అనేకం జర్మనీలోని హిల్డెస్‌హైమ్ మ్యూజియంలో ఉన్నాయి. ఈజిప్టు పురావస్తువేత్త లబీబ్ హబాషీ 1969లో ప్రచురించిన అధ్యయనం ఈ ఫలకాలనూ, నూబియా ఆలయాలలోని దృశ్యాలనూ ఒకచోట చేర్చి చూపింది. ఆలయపు లోపలి గదుల్లోకి సామాన్యులకు ప్రవేశం లేదు. ముఖద్వారం బయటా, ముందరి ప్రాంగణంలోనూ నిలిపిన భారీ విగ్రహం వారికి అందుబాటులో ఉన్న దేవుడు. కాబట్టి ద్వారం ముందున్న విగ్రహాలను రాజు గొప్పను చాటే ప్రదర్శనగా మాత్రమే చూడటం సరిపోదు. మొక్కుబడి ఫలకం దొరికిన చోట ఆ విగ్రహం ఒక పూజాస్థానం కూడా.

చనిపోయిన రాజు స్థానికంగా గ్రామదేవతలా మారిన సందర్భమూ ఉంది. రాజుల లోయలో సమాధులు తొలిచే పనివారు నివసించిన దేర్ ఎల్ మెదీనాలో మొదటి అమెన్‌హోటెప్‌నూ, ఆయన తల్లి అహ్మోస్-నెఫెర్తారినీ ఆ రాజు మరణించిన రెండు మూడు శతాబ్దాల తరువాత కూడా కొలిచారు. పండుగనాడు ఆయన విగ్రహాన్ని పనివారే భుజాన మోసేవారు. ఇల్లు ఎవరిది, సమాధి ఎవరిది, దొంగతనం ఎవరు చేశారు వంటి ప్రశ్నలను దాని ముందు పెడితే, అది ముందుకు కదిలితే ఔనని, వెనక్కు వెళితే కాదని అర్థం. ఆ ప్రశ్నలు రాసిన కుండ పెంకులూ రాతి ముక్కలూ ఇప్పటికీ ఉన్నాయి. పెద్ద ఆలయాల గోడలు మాత్రమే చదివేవారికి ఈ పూజ కనిపించదు.

ఆలయాల వర్గీకరణలోనూ పాత అలవాటు ఒకటి చాలాకాలం దారి తప్పించింది. థీబ్స్ పడమటి ఒడ్డున రాజుగా పాలించిన మహిళ హాట్‌షెప్సుట్ దేర్ ఎల్ బహ్రీలోనూ, రెండవ రామెసెస్ రామెసియంలోనూ, మూడవ రామెసెస్ మెదినెత్ హాబులోనూ కట్టించినవాటిని శవసంస్కార ఆలయాలు అనేవారు. సమాధి కొండ లోయలో ఉంది కాబట్టి, చనిపోయిన రాజుకు నైవేద్యం పెట్టే గుడి మైదానం అంచున ఉందని లెక్క. అయితే వాటిని ‘లక్షల సంవత్సరాల గృహాలు’గా పేర్కొన్న శాసనాలు అదే పేరును తూర్పు ఒడ్డున కర్నాక్‌లో మూడవ థుట్మోస్ కట్టిన అఖ్-మెను మండపానికీ, అక్కడి మహాస్తంభ మండపానికీ కూడా వాడాయి. సమాధితో వాటికి సంబంధమే లేదు. పడమటి ఆలయాలలో పూజ రాజు బతికి ఉండగానే మొదలయ్యేది. ఏటా లోయ ఉత్సవంలో అమున్ నది దాటి వచ్చి వాటిని దర్శించేవాడు. మెదినెత్ హాబు గర్భగృహంలో కొలువున్నదీ ప్రధానంగా అమున్ రూపమే. రాజు ఆయనతో కలిసి, ఆయనలో భాగంగా పూజ అందుకున్నాడు. తండ్రి కోసం గది కేటాయించడమూ ఈ ఆలయాల్లో కనిపిస్తుంది. రెండేళ్లలోపే పాలించి తనకంటూ ఆలయం కట్టుకోలేకపోయిన మొదటి రామెసెస్‌కు, కొడుకు మొదటి సేతి కుర్నాలోని తన ఆలయంలో చోటిచ్చాడు.

సేతి అబైడోస్‌లో కట్టిన ఆలయంలో ఏడు గర్భగృహాలు పక్కపక్కనే ఉంటాయి. ఆరు దేవతలవి, ఏడవది సేతిది. అక్కడి నడవాలోని రాజుల జాబితా చరిత్ర పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. సేతితో కలిపి 76 మంది రాజుల పేర్లు వరుసగా చెక్కి ఉండటంతో పాలకుల క్రమాన్ని నిర్ణయించడానికి దాన్ని అపురూపమైన ఆధారంగా వాడుతున్నారు. కానీ గోడను పూర్తిగా చూస్తే, జాబితా ముందు సేతి ధూపపాత్ర పట్టుకుని, బాలుడైన రామెసెస్ చుట్టిన పత్రం పట్టుకుని నిలబడి ఉంటారు. ఇది పూర్వీకులకు నైవేద్యం పెట్టే సందర్భంలో చదివే పేర్ల పట్టీ. నైవేద్యానికి అర్హులు కారనుకున్నవారి పేర్లు అందులో లేవు: హాట్‌షెప్సుట్, అఖెనాతెన్, టుటన్‌ఖామెన్, ఆయ్. అఖ్-మెనులో మూడవ థుట్మోస్ చెక్కించిన 61 మంది రాజుల గది కూడా పితృపూజ కోసమే. అందులో పేర్లు కాలక్రమంలో లేకపోవడం శిల్పి తప్పిదమేమీ కాదు, ఆ గదికి కాలక్రమంతో పని లేదు. 1843లో ఫ్రెంచి పురావస్తు అన్వేషకుడు ప్రిస్ దావెన్ ఆ రాళ్లను విప్పి పారిస్‌కు తరలించాడు, ఇప్పుడవి లూవ్ర్‌లో ఉన్నాయి. గదిని దాని చోటు నుంచి వేరు చేయడంతో, పూజకు సంబంధించిన శాసనం చూసేవారికి చరిత్ర జాబితాగా మరింత సులభంగా కనిపించసాగింది.

ఇక సొమ్ము సంగతి. రాజారాధన గురించి ఆలయపు గోడలు చెప్పనివి ఎన్నో లెక్కల పత్రాలు చెబుతాయి. వాటిలో పాతవి అబూసిర్‌లో దొరికాయి. ఐదవ రాజవంశపు నెఫెరిర్కారె పిరమిడ్ ఆలయానికి చెందిన పపైరస్ పత్రాలు 1893లో స్థానికుల తవ్వకాలలో బయటపడి అనేక దేశాల మ్యూజియాలకు చెదిరిపోయాయి. వాటి ప్రతులు 1968లోనూ, పోల్ పోసనెర్-క్రీజె చేసిన అనువాదమూ వ్యాఖ్యానమూ 1976లోనూ వెలువడ్డాయి. ఎర్రసిరా, నల్లసిరా గీతలతో గళ్లు గీసిన ఈ పట్టీలలో ఏ రోజు ఏ అర్చకుడు ఏ తలుపు దగ్గర కావలి ఉండాలో, రాజవిగ్రహానికి ఎవరు స్నానం చేయించి వస్త్రం కట్టాలో, ఎంత రొట్టె, ఎంత బీరు ఎక్కడి నుంచి రావాలో, వచ్చింది ఎంతో నమోదై ఉంది. పూజాపాత్రల జాబితాలో ఒక్కో పాత్ర ఎదుట దానికి పడిన పగులూ, చేసిన మరమ్మతూ రాసి ఉన్నాయి. అర్చకులు దళాలుగా విడిపోయి వంతులవారీగా వచ్చేవారు. వంతు మారేటప్పుడు ఈ జాబితాను చూసే వస్తువులు అప్పగించి ఉండాలి. దైవత్వం గురించి ఒక్క ముక్క రాయని ఈ పత్రాలు, రాజారాధన ఎలా నడిచిందో చెప్పడంలో ఏ శిల్పానికైనా మించినవి.

పక్కనే ఉన్న రానెఫెరెఫ్ ఆలయంలో 1980లలో చెక్ పురావస్తు బృందం అలాంటి మరో పత్రాల సంపుటిని వెలికితీసింది. రానెఫెరెఫ్ కొద్దికాలమే పాలించాడు. ఆయన పిరమిడ్ పూర్తి కాలేదు, మొదలు మాత్రం లేచిన దాన్ని చదునుగా మూసేశారు. అయినా ఆయన ఆలయంలో రాజవిగ్రహాలు ఉన్నాయి, పశువులను కోసే ప్రత్యేక భవనం ఉంది, ఒక ఉత్సవంలో పది రోజుల్లో 130 ఎద్దులను కోసినట్టు ఒక పత్రం చెబుతోంది. కట్టడం ఎంత పెద్దదైతే పూజ అంత ఘనంగా జరిగి ఉంటుందన్న ఊహ ఇక్కడ తారుమారవుతుంది. పూజ నిలబడటానికి కావలసింది రాతి ఎత్తు కాదు, దానికి కట్టబెట్టిన పొలాలూ, ఆ పొలాల మీద బతికే అర్చకులూ. నైవేద్యం మొదట విగ్రహం ముందుకు వెళ్లి, తరువాత అర్చకుల ఇళ్లకు జీతంగా చేరేది కాబట్టి, ఆరాధన ఆగకుండా చూసుకోవడంలో వారికి సొంత ప్రయోజనం ఉండేది.

కొత్త సామ్రాజ్య కాలంలో (సుమారు క్రీ.పూ. 16–11 శతాబ్దాలు) ఉన్నతాధికారులు కూడా ఈ ఏర్పాటులో పెట్టుబడి పెట్టారు. మెంఫిస్‌లో మూడవ అమెన్‌హోటెప్ గృహనిర్వాహకుడిగా ఉన్న హుయ్ రాజవిగ్రహానికి తన ఆస్తి రాసిచ్చి, దానికి బదులుగా నైవేద్యంలో కొంత తన విగ్రహానికి అందేలా అర్చకులతో ఏర్పాటు చేసుకున్నాడు. నూబియాలోని అనీబాలో పెన్నూత్ అనే అధికారి ఆరవ రామెసెస్ విగ్రహానికి పొలాలు ఇచ్చి, ఆ దానాన్ని తన సమాధి గోడ మీద రాయించుకున్నాడు. తూర్పున ఏది, పడమర ఏది అంటూ ఒక్కో పొలానికి ఎల్లలు చెప్పిన ఆ పాఠం, దేవుడి మాన్యాల ఎల్లలను రాసిన తెలుగు దానశాసనాలు చదివినవారికి ఏమాత్రం కొత్తగా అనిపించదు. రాజు మెచ్చి పెన్నూత్‌కు రెండు వెండి పాత్రలు పంపించాడు. రాజధానికి వందల మైళ్ల దూరంలో, కేంద్రం బలహీనపడుతున్న కాలంలో, ఒక స్థానిక అధికారికీ రాజుకూ మధ్య బంధం కలిపింది ఒక విగ్రహమూ దాని పేర రాసిన పొలాలూ.

ఈ ఆలయాల ఆర్థిక బలం ఎంతటిదో రామెసియం వెనుక భాగంలో ఇప్పటికీ నిలిచి ఉన్న మట్టి ఇటుకల కమానుల గిడ్డంగులు చెబుతాయి. మూడవ రామెసెస్ 29వ పాలనా సంవత్సరంలో జీతపు ధాన్యం అందని దేర్ ఎల్ మెదీనా పనివారు పని ఆపి, కావలి గోడలు దాటి వెళ్లి మూడవ థుట్మోస్ ఆలయం వెనుక కూర్చున్నారు. ఆ తరువాత రామెసియంకు వెళ్లారు. ‘మేము ఆకలితో ఉన్నాం, ఈ నెలలో 18 రోజులు గడిచిపోయాయి’ అన్న వారి మాట ట్యూరిన్ పపైరస్‌లో ఉంది. వారు ఆ ఆలయాలను ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. గతించిన రాజుల పూజ కోసం ఏర్పడిన సంస్థల గాదెల్లోనే ధాన్యం ఉందని వారికి తెలుసు.

లెక్కలున్న చోట కూడా జాగ్రత్త అవసరమే. మెదినెత్ హాబు దక్షిణపు బయటి గోడ మీద ఉత్సవాల పట్టిక ఒకటి పొడవునా చెక్కి ఉంది. ఏ పండుగకు ఎన్ని రొట్టెలు, ఎన్ని కుండల బీరు, ఎన్ని పశువులు, ఎన్ని బాతులు అన్నదంతా అందులో ఉంది. దాన్ని మూడవ రామెసెస్ కాలపు ఖర్చుగా కూడికలు వేయడం సులభం. అయితే ఆ పట్టికలో చాలా భాగం రెండవ రామెసెస్ రామెసియంలో చెక్కించిన పట్టికకు నకలు. అందులోని అంకెలను, అవి నిజంగా ఆ ఏడు గాదె నుంచి కదిలిన ధాన్యమా లేక ఆదర్శంగా గోడకెక్కిన సంప్రదాయమా అని అడగకుండా వాడకూడదు. రోజువారీ పత్రాలు మిగిలిన అబూసిర్‌కూ, గోడ మాత్రమే మిగిలిన మెదినెత్ హాబుకూ మధ్య ఉన్న ఈ తేడాను పట్టించుకోకపోతే లెక్కలు కూడా అలంకారంగానే మిగులుతాయి.

ఎంతకాలం అన్న ప్రశ్నకు జవాబులు చెదురుమదురుగా ఉన్నాయి. మూడవ సెనుస్రెత్ మరణించిన దాదాపు నాలుగు శతాబ్దాల తరువాత మూడవ థుట్మోస్ నూబియాలోని సెమ్నాలో ఆయనను దేవుడిగా నిలిపి ఆలయం కట్టించాడు. గీజాలో పిరమిడ్ కట్టించిన మెంకౌరె రాజు లోయ ఆలయాన్ని 1908 నుంచి తవ్విన జార్జ్ రైస్నర్‌కు ఆ ప్రాంగణంలో ఇటుక ఇళ్లు వరుసగా కనిపించాయి. పూజకు ఏర్పడిన అర్చకుల కుటుంబాలు ఆలయంలోనే కాపురం పెట్టి, ప్రాంగణాన్ని ఊరుగా మార్చేశాయి. అయినా అక్కడ మెంకౌరె పూజ పూర్తిగా ఆగలేదు. ఎన్నో తరాల తరువాత రెండవ పెపి ఆ ఆలయానికి సంబంధించి జారీ చేసిన ఆజ్ఞ అక్కడే దొరికింది. ఇళ్ల మధ్య ఇరుకైన గర్భగృహంలో నైవేద్యం సాగిందన్న ఈ చిత్రం, ఖాళీ ప్రాంగణాలతో గీసే పునర్నిర్మాణ చిత్రాలకు బొత్తిగా పొసగదు.

విరిగిన విగ్రహాల సంగతి మరీ చిక్కైనది. దేర్ ఎల్ బహ్రీ దగ్గర గుంతల్లో హాట్‌షెప్సుట్ విగ్రహాల ముక్కలు 1920లలో మెట్రొపాలిటన్ మ్యూజియం తరఫున తవ్విన హెర్బర్ట్ విన్లాక్‌కు కుప్పలుగా దొరికాయి. ఆమె సవతి కొడుకూ వారసుడూ అయిన మూడవ థుట్మోస్ పగతో వాటిని పగలగొట్టించాడన్న కథ అలా స్థిరపడింది. ఆ తవ్వకాల నాటి రాతప్రతులనూ ఫోటోలనూ తిరిగి పరిశీలించిన జున్ యీ వాంగ్ 2025లో ‘యాంటిక్విటీ’ పత్రికలో వేరే వాదన చేశాడు. చాలా విగ్రహాలు మెడ దగ్గరా నడుము దగ్గరా పాదాల దగ్గరా విరిగాయి, ముఖాలు చాలావాటిలో బాగానే ఉన్నాయి. పూజ ముగిసిన ఇతర రాజుల విగ్రహాలకూ అదే చోట్ల దెబ్బలు తగలడం చూస్తే, శక్తిని ఉపసంహరించి పూడ్చే ఆచారమే ఇందులో ఎక్కువగా కనిపిస్తుందన్నది ఆయన అభిప్రాయం. ఆమె పేరును గోడల మీద నుంచి చెరిపివేయడం మాత్రం రాజకీయ చర్యే. రెండింటినీ ఒకే కోపానికి అంటగట్టనక్కరలేదన్న ఈ వైఖరి సమంజసంగానే తోస్తుంది. ఆలయాలలో పాత విగ్రహాలను మర్యాదగా పూడ్చిపెట్టే అలవాటు ఉందనడానికి కర్నాక్‌లో ఏడవ ముఖద్వారం ముందరి ప్రాంగణంలో 1903 నుంచి జార్జ్ లెగ్రెయిన్ బయటికి తీసిన గుంతే సాక్ష్యం. ఊటనీటి బురదలో నుంచి ఏడు వందలకు పైగా రాతి విగ్రహాలూ, వేల కొద్దీ కంచు బొమ్మలూ వచ్చాయి.

కొన్నిసార్లు కొత్త రాజు పాత రాజు రాయినే తీసుకున్నాడు. పడమటి ఒడ్డున మూడవ అమెన్‌హోటెప్ కట్టిన ఆలయం అన్నింటికన్నా పెద్దది. దాని ముందు కాపలాగా నిలిచిన, దాదాపు 18 మీటర్ల ఎత్తున్న మెమ్నోన్ విగ్రహాలు తప్ప మిగిలిందంతా చాలాకాలం పొలాల కింద ఉండిపోయింది. హూరిగ్ సురూజియాన్ బృందం 1998 నుంచి చేస్తున్న పనిలో అక్కడ పడిపోయిన మరెన్నో భారీ విగ్రహాలు, సెఖ్మెత్ దేవత ప్రతిమలు వెలుగు చూశాయి. ఆ ఆలయపు రాళ్లను రెండవ రామెసెస్ కొడుకు మెర్నెప్తా తన ఆలయానికి వాడుకున్నాడు. 1896లో బ్రిటిష్ పురావస్తువేత్త పెట్రీకి దొరికిన, ఇజ్రాయెల్ పేరు ఉన్నందుకు ప్రసిద్ధమైన మెర్నెప్తా శిలాఫలకం నిజానికి అమెన్‌హోటెప్ ఫలకానికి వెనుక వైపు. రెండవ రామెసెస్ కూడా అమెన్‌హోటెప్ విగ్రహాలను చాలావాటిని తన పేరుకు మార్చుకున్నాడు. పెదవులను పల్చగా చెక్కడం, నడుమును సన్నబరచడం వంటి మార్పులను బట్టి వాటిని గుర్తుపడతారు. విగ్రహం మీద ఉన్న పేరును చూసి దాని కాలాన్ని నిర్ణయించడం ఎంత ప్రమాదమో దీనివల్ల తెలుస్తుంది.

ఇలాంటి సవరణలను పట్టుకోవాలంటే గోడను నకలు తీసే పద్ధతి పకడ్బందీగా ఉండాలి. జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ 1924లో లక్సర్‌లో నెలకొల్పిన షికాగో విశ్వవిద్యాలయపు శాసన సర్వేక్షణ ఇందుకు ఒక పద్ధతి రూపొందించింది. గోడను పెద్ద ఫోటో తీసి, ఆ ప్రతి మీద గోడ ఎదుటే కూర్చుని చిత్రకారుడు పెన్సిల్‌తో ప్రతి గీతనూ గుర్తించి సిరాతో దిద్దుతాడు. ఫోటోను రసాయనంతో వెలిసిపోయేలా చేస్తే గీతలు మాత్రమే మిగులుతాయి. ఆ ప్రతిని శాసనజ్ఞులు ఒకరి తరువాత ఒకరు గోడతో సరిచూసి తప్పులు రాస్తారు, చిత్రకారుడు మళ్ళీ వెళ్లి వాటిని ఒప్పుకోవడమో కాదనడమో చేస్తాడు. మెదినెత్ హాబు మొదటి సంపుటం 1930లో వచ్చింది. ఇప్పుడు తెరల మీద గీస్తున్నారు, మూడు కొలతల నమూనాలు చేస్తున్నారు. అయినా రెండోసారి పడిన ఉలి గుర్తును మొదటిదాని నుంచి వేరు చేయడం ఇంకా మనిషి కంటి పనే.

గ్రీకు మూలాలున్న టాలెమీ రాజుల కాలానికి వస్తే, రాజారాధనను ఆలయాల్లోకి తెచ్చిన తీరు ఆజ్ఞల రూపంలోనే దొరుకుతుంది. అశోకుని 13వ శిలాశాసనంలో, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ప్రతి ఉన్న ఆ శాసనంలో, తురమాయుడిగా కనిపించే రెండవ టాలెమీ, తన రాణి రెండవ ఆర్సినోయె మరణించిన తరువాత ఆమె విగ్రహాన్ని దేశంలోని ఆలయాలన్నిటిలో ప్రతిష్ఠించమని ఆదేశించాడు. ద్రాక్షతోటల, పండ్లతోటల దిగుబడిలో ఆరవ వంతు పన్నును ఆమె పూజకు మళ్లించాడు. క్రీ.పూ. 238 నాటి కెనోపస్ తీర్మానం, బాల్యంలోనే మరణించిన రాకుమారి బెరెనికె పూజను ఏర్పాటు చేసి, నాలుగు అర్చక దళాలకు ఐదవ దళాన్ని చేర్చింది. లిపి చదవడానికి తాళంచెవిగా ప్రపంచమంతా గుర్తుంచుకున్న రొసెట్టా శాసనం కూడా ఇదే కోవలోది. క్రీ.పూ. 196లో మెంఫిస్‌లో సమావేశమైన అర్చకులు ఐదవ టాలెమీ విగ్రహాన్ని ప్రతి ఆలయంలో నిలపాలని, దానికి రోజుకు మూడుసార్లు సేవ చేయాలని, బంగారు గూటిలో మరో ప్రతిమను ఉంచి దానిపై పది బంగారు కిరీటాలు అమర్చాలని తీర్మానించారు. అదే తీర్మానంలో ఆలయాలకు రాజు ఇచ్చిన పన్ను రాయితీల పట్టీ కూడా ఉంది. రాయితీ ముందూ విగ్రహం తరువాతా అన్న ఆ వరుసను బట్టి, కిందటి వేయేళ్లలో పెన్నూత్ వంటివారు చేసిన బేరం ఇప్పుడు అర్చక వర్గమంతా కలిసి చేసిందనుకోవడంలో తప్పులేదు.

లక్సర్ ఆలయంలో ఈ పరంపర రోమన్ల దాకా సాగింది. అలెగ్జాండర్ పేర అక్కడ అమున్ పడవ గదిని పునర్నిర్మించారు. క్రీ.శ. 300 ప్రాంతంలో ఆలయం చుట్టూ సైనిక శిబిరం వెలిసినప్పుడు, గర్భగృహానికి వెళ్లే దారిలోని ఎనిమిది స్తంభాల గదిని చక్రవర్తి ఆరాధనా మందిరంగా మార్చారు. లోపలికి వెళ్లే ద్వారాన్ని అర్ధవృత్తాకారపు గూడుగా మూసి, అమెన్‌హోటెప్ చెక్కడాల మీద సున్నపు పూత వేసి, డయోక్లెషియన్‌నూ ఆయన సహపాలకులనూ రంగుల్లో చిత్రించారు. ఆ గూటిని చూసి దీన్ని చాలాకాలం క్రైస్తవ ప్రార్థనా మందిరమనుకున్నారు. బొమ్మల్లో ఉన్నది చక్రవర్తులని 20వ శతాబ్దంలో గుర్తించారు. 19వ శతాబ్దంలో గార్డ్‌నర్ విల్కిన్సన్ నీటిరంగుల్లో నకలు తీసిన బొమ్మలలో చాలా భాగం ఇప్పుడు గోడ మీద లేదు, కనుక ఆ గదిని అధ్యయనం చేసేవారు గోడతో పాటు ఆయన చిత్రాలనూ ముందు పెట్టుకోవాలి. 2000 తరువాతి దశాబ్దంలో మిగిలిన పూతను శుభ్రం చేసి గట్టిపరిచారు. పూత రాలిన చోట దానికన్నా సుమారు 1,650 సంవత్సరాలు పాతదైన అమెన్‌హోటెప్ చెక్కడం బయటికి కనిపిస్తుంది. పూత నిలిచిన చోట దాని కింద ఏ దృశ్యం ఉందో, గదిలోని మిగతా గోడల క్రమాన్ని బట్టి ఊహించవలసిందే.